పాత మిలిటరీ లారీ, నెలకు రెండు వేల బడ్జెట్: 'నిర్వహణ' మీద ఒక ప్రాక్టీస్ ఎస్సే

మెయిన్స్ ఎస్సే పేపర్‌లో రెండు వ్యాసాలు, ఒక్కోదానికి 125 మార్కులు. అభివృద్ధి, సాంకేతికత, విలువలు అనగానే మనందరి చేతికీ అవే పది ఉదాహరణలు వస్తాయి. అవే నివేదికలు, అవే పథకాలు. మూల్యాంకనం చేసేవారు ఒకే రోజు ఆ ఉదాహరణల్ని ఎన్నిసార్లు చదువుతారో ఊహించుకోవచ్చు. అందుకే ఈసారి 'నిర్వహణ' అనే అంశాన్ని నేను రోజూ చేత్తో ముట్టుకునే వస్తువు నుంచి రాస్తున్నాను. అది ఒక శక్తిమాన్ లారీ. ఒకప్పుడు సైన్యానిది, ఇప్పుడు సూరత్‌లోని లింబాయత్‌లో మా బాపు, ఆయన భాగస్వామి కలిసి నడిపే క్రేన్ బండి.

బండి ఎక్కడిది?

లింబాయత్ గురించి తెలియని మిత్రులకు రెండు మాటలు. ఇక్కడ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది తెలంగాణ నుంచి సాంచాల పనికి వచ్చిన పద్మశాలీలు. కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడులు కూడా సూరత్‌లో ఉన్నాయి. నా అక్షరాలు అలాంటి బడిలోనే మొదలయ్యాయి. బాపు సిరిసిల్ల నుంచి వచ్చి ఇరవై ఏళ్లు సాంచాలు నడిపాడు. మోకాళ్లు సహకరించక మానేశాక, ఉన్న కాస్త డబ్బు పెట్టి ఈ బండిలో సగం వాటా తీసుకున్నాడు. సాంచాలు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు మార్చేటప్పుడు ఎత్తడం, దించడం, వానాకాలంలో గర్నాలాలో (రైలు పట్టాల కింది దారిలో) నీళ్లలో చిక్కిన టెంపోలను బయటికి లాగడం దాని పని. మీఠీ ఖాడీ పొంగిన రోజుల్లో మామూలు బండ్లు వెళ్లలేని గల్లీల్లోకి ఎత్తుగా ఉండే ఈ ఫోర్ బై ఫోర్ వెళ్తుంది. మా ఇంటి బియ్యం, నా పుస్తకాలు దాని మీదే నడుస్తున్నాయి.

శక్తిమాన్‌ది మన రక్షణ ఉత్పత్తి చరిత్రలో ఒక అధ్యాయం. 1950ల చివర్లో, కృష్ణ మేనన్ రక్షణ మంత్రిగా ఉన్న కాలంలో, జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో దీని తయారీ మొదలైంది. మొదట గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో, ఆ తర్వాత 1969లో నెలకొల్పిన వెహికల్ ఫ్యాక్టరీలో. 1990లలో దీని స్థానంలోకి అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా 713 వచ్చాయి. సైన్యం పక్కన పెట్టిన బండ్లు వేలంలో బయటికి వస్తాయి. సైన్యంలో ఉన్నంతకాలం వాటి నంబరు ప్లేటు పైకి చూపే బాణం గుర్తుతో మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 60 ప్రకారం వాటి రిజిస్ట్రేషన్ వేరు. రక్షణ అవసరాలకు వాడటం ఆగిపోయాక సెక్షన్ 39, 40 వర్తిస్తాయి, అంటే అందరిలాగే మామూలు నంబరు తీసుకోవాలి. మా బండి నుదుట ఆ బాణం చెరిపేసిన మచ్చ ఇంకా కనిపిస్తుంది.

ఇంజన్ గురించి ఇంజనీరింగ్ చదివినవారికి ఒక సంగతి. మాన్ 'ఎం' పద్ధతిలో పిస్టన్ తలపై గోళాకారపు గుంట ఉంటుంది. డీజిల్‌ను గాలిలోకి కాకుండా ఆ గుంట గోడ మీదికి చిమ్ముతారు. అది గోడ వేడికి పొరలు పొరలుగా ఆవిరై మండుతుంది. అందుకే మోత తక్కువ, ఒకటికి మించి ఇంధనాలతో నడవగలదు. ఈ మాట విన్న ప్రతివాళ్లూ, బజారులో బయోడీజిల్ పేరుతో దొరికే చౌక సరుకు పోయమని సలహా ఇస్తారు. కానీ పంపులోని ప్లంజర్లకు నూనెలా పనిచేసేది కూడా డీజిలే. లీటరుకు పది, పదిహేను రూపాయలు మిగుల్చుకుంటే పంపు రిపేరు వేలల్లో వస్తుంది. నడవగలదు అన్నదానికీ నడపాలి అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది.

మూడు గళ్ల నోట్‌బుక్

పదో తరగతి పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్ చెబితే నాకు నెలకు 12 వేలు వస్తాయి. అందులో రెండు వేలు బండి డబ్బాలో వేస్తాను. బాపు, ఆయన భాగస్వామి పని దొరికినప్పుడు కొంత కలుపుతారు. ఈ డబ్బుతో ముప్పై ఏళ్లు దాటిన లారీని నడపాలంటే అన్నీ చేయలేం. ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు పని.

ఇది నాకు నేర్పింది మా గల్లీ చివర ఉండే ఒక కాకా. ధూళే వైపు మరాఠీ మనిషి. సైన్యంలో ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఈఎంఈ అంటే సైన్యం యంత్రాలన్నిటినీ బాగుచేసే కోర్. 1943లో ఏర్పడింది. దాని కళాశాల మన సికింద్రాబాద్‌లోనే ఉంది. కాకా కొంతకాలం అక్కడ శిక్షణ పొందారు కాబట్టి నన్ను చూడగానే 'ఏం బాబూ, బాగున్నవా' అని పలకరిస్తారు. ఆయనకు వచ్చిన తెలుగు అంతే. మిగతాదంతా హిందీలోనే చెబుతారు.

ఆయన చెప్పిన మొదటి పాఠం: సైన్యంలో బండిని చెడిపోయాక చూడరు. బయల్దేరే ముందు ఫస్ట్ పెరేడ్, దారిలో ఆగినప్పుడు హాల్ట్ పెరేడ్, తిరిగొచ్చాక లాస్ట్ పెరేడ్. పొద్దున ఆయిల్, నీళ్లు, టైర్లు, బ్రేకు, స్టీరింగ్. ఆగినచోట చక్రాల హబ్బులు చేత్తో తాకి ఏదైనా ఎక్కువ వేడిగా ఉందేమో చూడడం. రాత్రికి కారిన మరకలు వెతకడం. దీనికి డబ్బు అక్కర్లేదు. రోజుకు పావుగంట చాలు. కరెంట్ అఫైర్స్ వినడానికి నేను వాడుకునే పావుగంట కూడా ఇదే.

రెండో పాఠం నా నోట్‌బుక్‌లో మూడు గళ్లయింది.

మొదటి గడి: ఇది బాగా లేకపోతే బండి కదలకూడదు. బ్రేకులు, స్టీరింగ్, ముందు టైర్లు, క్రేన్ వైర్ రోప్, హుక్. ఇక్కడ తేడా వస్తే నష్టపోయేది మేం కాదు, కింద నిలబడ్డ హమాలీ.

రెండో గడి: ఇవాళ వందల్లో తీరేది, రేపు వేలల్లో తేలేది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, రేడియేటర్ నీళ్లు. ఇక్కడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవే పోస్తే రేడియేటర్ లోపల పొలుసు కడుతుంది. కాబట్టి కుళాయి వచ్చే వేళ చూసి రెండు క్యాన్లు పట్టిపెడతాను. బ్యాటరీలు రెండు, ఒక్కోటి 12 వోల్టులు. సిరీస్‌లో కలిపితేనే బండికి కావలసిన 24 అవుతుంది. ఒకటి పోయిందని ఒక్కదాన్నే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా తనతోపాటు లాగేస్తుంది.

మూడో గడి: ఓర్చుకోవలసినవి. చిరిగిన సీటు, పైకి లేవని కిటికీ అద్దం, ఊడిన రంగు.

ఇంకొక మార్పు చేశాం. మా బండి రోజుకు అయిదారు కిలోమీటర్లు కూడా తిరగదు. కానీ వించి తిప్పుతూ గంటల తరబడి నిలబడే నడుస్తుంది. కిలోమీటర్లు చూసి ఆయిల్ మారిస్తే ఇంజన్ పోతుంది. అందుకే నడిచిన గంటలు రాస్తాం. కొలత తప్పయితే నిజాయతీగా పాటించిన నియమం కూడా తప్పుడు ఫలితమే ఇస్తుంది. పాలన చదివేవాళ్లం దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కట్టిన మరుగుదొడ్ల సంఖ్య, వాడుతున్న మరుగుదొడ్ల సంఖ్య ఒకటి కాదు.

రంగు, తాడు

గతేడాది వానలకు ముందు రెండు ఖర్చులు ఒకేసారి వచ్చిపడ్డాయి. 2021 అక్టోబరు నాటి కేంద్ర నోటిఫికేషన్, 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 12,500 రూపాయలు చేసింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. అదే నెలలో వైర్ రోప్‌ను గుడ్డతో తుడుస్తుంటే గుడ్డ మూడుచోట్ల చిక్కుకుంది. తాడును ఒట్టి చేత్తో ఎప్పుడూ తడమకూడదు. గుడ్డ పట్టుకుంటే తెగిన తీగ తనంతట తానే దొరుకుతుంది. మా తాడులో ఆరు పాయలు, ఒక్కో పాయలో 19 తీగలు, మొత్తం 114. మధ్యలో నూనె పీల్చుకున్న నార. బయట మూడు తెగాయంటే లోపల ఎన్ని తెగాయో కంటికి కనిపించదు.

కొత్త తాడు, బిగింపుతో సహా 11 వేలు. ఫిట్‌నెస్‌తో కలిపి 23,500. డబ్బాలో ఉన్నది 14 వేలు.

బాపు భాగస్వామి మరోలా ఆలోచించాడు. ఎనిమిది వేలు పెట్టి బండికి రంగు వేయిద్దాం, ఫిట్‌నెస్ చేయించి దీపావళిలోపు మంచి ధరకు అమ్మేద్దాం, తాడు కొన్నవాళ్లు చూసుకుంటారు అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కూతురి పెళ్లి దగ్గరపడింది. ఇంకో రెండేళ్లు పోతే ఈ బండికి ఇనుము ధర తప్ప ఏమీ రాదని ఆయన లెక్క. ఆ లెక్క అబద్ధం కాదు.

ఆ రాత్రి బాపు ఎక్కువ మాట్లాడలేదు. సాంచాల దగ్గర పనిచేసిన మనిషి కదా, తెగిన పోగును చూసీ చూడనట్టు వదిలేస్తే బట్ట ఎంత పోతుందో ఆయనకు తెలుసు. చివరికి ఇంతే అన్నాడు: "రంగు కనవడ్తది బిడ్డా, తాడు కనవడది. మనం తాడే కొందాం."

గుజరాత్‌లో ఉన్న మాకు ఆ మాట వేరేగా వినబడుతుంది. మోర్బీలో మచ్ఛు నది మీది వేలాడే వంతెనను మరమ్మతు తర్వాత 2022 అక్టోబరు 26న తిరిగి తెరిచారు. అక్టోబరు 30న అది తెగింది. 135 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం ప్రాథమిక నివేదిక ప్రకారం, ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయి. నడిచే దారి కొత్తది, మోసే తీగలు పాతవి. ఎథిక్స్ పేపర్లో జవాబుదారీతనానికి దీన్ని ఉదాహరణగా రాస్తాం, రాయాలి కూడా. దానితోపాటు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: మరమ్మతు అన్న మాట కింద మనం కొన్నది కనబడేదాన్నా, మోసేదాన్నా?

మేం తాడు కొన్నాం. భాగస్వామి చివరికి ఆరు వేలు ఇచ్చాడు. తక్కువైన 3,500 నా మెయిన్స్ టెస్ట్ సిరీస్ కోసం దాచిన పది వేల నుంచి తీశాను. దాంతో పదహారు టెస్టులకు బదులు ఎనిమిదికే చేరాను. మిగతావి ఇద్దరు మిత్రులతో జవాబు పత్రాలు మార్చుకుని దిద్దుకున్నాం. పాత తాడును కోసినప్పుడు లోపలి నార పొడిగా ఉంది, చుట్టూ ఎర్రటి పొడి రాలింది. కాకా ఆ ముక్కను తీసుకెళ్లి తన కిటికీలో పెట్టుకున్నారు.

ఇదే లెక్క దేశానికి

రాజ్యాంగంలోని 112వ అధికరణ ప్రకారం, వార్షిక ఆర్థిక నివేదికలో రెవెన్యూ ఖాతా వ్యయాన్ని ఇతర వ్యయం నుంచి వేరుచేసి చూపాలి. మామూలు నిర్వహణ రెవెన్యూ ఖాతాలోకి వస్తుంది, కొత్త నిర్మాణం మూలధన వ్యయంలోకి. మూలధన వ్యయం పెరిగితే మంచి వార్త. రెవెన్యూ వ్యయం పెరిగితే దుబారా అన్న అనుమానం. జీతాలు, వడ్డీలు తగ్గించలేనివి కాబట్టి కోత పెట్టాలంటే చేతికి ముందు దొరికేది నిర్వహణే. మా డబ్బాలోనూ అంతే. ఎప్పుడు అత్యవసరం వచ్చినా ముందు వాయిదా పడేది గ్రీజు.

రైల్వే దీనికి మంచి ఉదాహరణ. భద్రతా పనుల కోసం 2017-18లో అయిదేళ్లకు లక్ష కోట్లతో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ ఏర్పాటు చేశారు. రైళ్లు పట్టాలు తప్పడంపై కాగ్ ఇచ్చిన 2022 నాటి 22వ నంబరు నివేదిక, ట్రాక్ రికార్డింగ్ కార్లతో జరగవలసిన తనిఖీల్లో 30 నుంచి 100 శాతం వరకు లోటు ఉందని తేల్చింది. నిధి అవసరమే. కానీ నిధి ఉన్నంత మాత్రాన ఫస్ట్ పెరేడ్ జరగదు. పొద్దున్నే లేచి పట్టా చూసే మనిషి, ఆ మనిషి రాసింది చదివే అధికారి, ఇద్దరూ ఉండాలి.

ఇది సాధ్యమేనని చూపిన ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది ఊరు విడిచి వెళ్లారు. వాళ్లలో మన తెలుగు కార్మికులూ ఉన్నారు. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు 'ఏసీ టు డీసీ' అన్న సూత్రం పెట్టారు. అంటే అధికారులు ఏసీ గదులు వదిలి రోజువారీ పనుల్లోకి, వీధుల్లోకి వెళ్లాలి. జోన్ల అధికారులకు బాధ్యతతోపాటు అధికారం కూడా ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆయన వాడినది కొత్త యంత్రం కాదు. రోజూ ఊడ్చడం, ఊడ్చారో లేదో రోజూ చూడడం. కాకా భాషలో చెప్పాలంటే ఊరంతటికీ ఫస్ట్ పెరేడ్.

వదిలేయడం కూడా నిర్వహణే

ఇంత చెప్పాక ఎదురు వాదన రాయకపోతే ఎస్సే సగమే అవుతుంది. పాత డీజిల్ బండి పొగ వేస్తుంది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. తెలుపు అంటే డీజిల్ సరిగా మండకపోవడమో, నీళ్లు చేరడమో. నాజిళ్లు పరీక్ష చేయించి, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంచితే మా బండి పొగ తగ్గింది. కానీ ఈనాటి బీఎస్-6 ఇంజన్ దరిదాపుల్లోకి కూడా రాదు. లింబాయత్ పిల్లలు పీల్చేది ఈ గాలే. ట్యూషన్‌కు వచ్చే నా పిల్లలు కూడా.

స్వచ్ఛంద వాహన తుక్కు విధానాన్ని ప్రధాని 2021 ఆగస్టు 13న ప్రారంభించింది గాంధీనగర్‌లో జరిగిన సదస్సులోనే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు వయసును కొలతగా తీసుకుంది. కేంద్ర విధానం ప్రైవేటు బండ్లకు ప్రధానంగా ఫిట్‌నెస్‌ను కొలతగా తీసుకుంది. నాకు రెండోదే న్యాయంగా అనిపిస్తుంది. బాగా చూసుకున్నవాడికీ, చూసుకోనివాడికీ తేడా చూపేది అదే. అయితే ఆ పరీక్ష నిజంగా తాడును చూడాలి, రంగును కాదు. రుసుము పెంచడం వల్ల పేదవాడు బండి వదలడు. ఫిట్‌నెస్ లేకుండా రాత్రిళ్లు నడుపుతాడు. తుక్కుకు ఇచ్చినవాడికి తర్వాతి బతుకుదెరువు దాకా వంతెన ఉంటేనే ఆ విధానం లింబాయత్‌లో పనిచేస్తుంది.

మా మటుకు మేం ఒక గీత గీసుకున్నాం. నోట్‌బుక్ చివరి పేజీలో ముగ్గురం సంతకం పెట్టాం. మొదటి గడిలోని ఏ వస్తువైనా దొరకకపోయినా, కొనలేకపోయినా ఆ రోజు నుంచి బండి కదలదు. అమ్మితే గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే అమ్ముతాం, ఇంకొకడి నెత్తిన పెట్టం. శక్తిమాన్ సామాన్లు ఏటేటా అరుదవుతున్నాయి. స్టీరింగ్ లింకుల కోసం ఈసారి మూడు ఊళ్ల పాత ఇనుప దుకాణాలకు ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఆ రోజు ఎంతో దూరంలో లేదు. నేను పరీక్ష రాసే ప్రయత్నాలకూ ఒక లెక్క ఉంది కాబట్టి, ఏది ముందు ముగుస్తుందో అని బాపు అప్పుడప్పుడు నవ్వుతాడు. నేనూ నవ్వుతాను, ఆ తర్వాత చదువుకోవడానికి కూర్చుంటాను.

ప్రాక్టీస్ కోసం: 'కట్టినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది, కాపాడినవాడి పేరు ఎక్కడా ఉండదు' అన్న అంశం మీద వెయ్యి నుంచి 1,200 పదాల్లో రాయండి. ఒక్క షరతు: కనీసం ఒక ఉదాహరణ మీ వీధిలోనిదై ఉండాలి. నీళ్ల ట్యాంకు కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కావచ్చు, అంగన్‌వాడీ పైకప్పు కావచ్చు. దాన్ని ఎవరు చూసుకుంటున్నారో, వాళ్లకు నెలకు ఎంత ఇస్తున్నారో కనుక్కున్నాకే పెన్ను పట్టండి.